తీఱిక వేళ: కఱవుసీమ పేక



గతమాసమున చింతగింజల జిగురుతో పాతబట్టల పొరల నంటించి గట్టి యట్టలు చేయు విధమును వ్రాసియుంటిని. అట్టలు చక్కగా వచ్చినవనియు, ఇక వానితో నేమి చేయవలెననియు కొందఱు సోదరీమణులు జాబులు వ్రాసిరి. ఇది వారికి ప్రత్యుత్తరము. మా యింట నా యట్టలతో పేక చేసితిమి. పేక యనగానే మీలో ననేకులు మొగము ముడుచుకొందురని యెఱుగుదును. మా యత్తగారును అట్లే ముడుచుకొనిరి. కావున ముందుగా నా కథ చెప్పి, పిమ్మట పేక కూర్చు విధము చెప్పెదను.

మా యత్తగారి పుట్టినింట బావితోట యొకటి యుండెనట. మోటబావి, దాని క్రింద రెండెకరముల నేల, గట్టున నాలుగు చింతచెట్లు. ఆమె పదియేండ్ల పిల్లగా నుండగా ఆమె తండ్రిగారు ఒక శివరాత్రి జాగరణమున పేకకు కూర్చుండి, తెల్లవాఱునప్పటికి ఆ తోటను పోగొట్టుకొనిరి. నాటినుండి ఆమె పేకముక్కను ముట్టలేదు. మెట్టినయింటి గడప దాటి రానీయనులేదు. నేను కాపురమునకు వచ్చి పదునాలుగేండ్లయినది. ఇంతకాలమును ఆ కట్టుబాటు చెల్లినది.

ఈ వేసవిలో దానికి ముప్పు వచ్చెను. మా పెద్దవాడు పండ్రెండేండ్లవాడు. బెంగుళూరినుండి వచ్చిన మేనమామ కొడుకు వానికి రంగురంగుల ముక్కల పెట్టె నొకటి యిచ్చిపోయెను. ఆ యాట మన చీట్లపేక వంటిది కాదు. మన పేకలో 52 ముక్కలు. ఆడువారందఱికిని పేక యొక్కటే. ఇందు ప్రతివాడును తన పేకను తానే కూర్చుకొని తెచ్చుకొనును. మిత్రులతో ముక్కలను మార్చుకొనును. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ అను నాటతో నీ తరహా ప్రసిద్ధికి వచ్చెను. 1996లో జపానునుండి పోకెమాన్ ముక్కలు వెలువడెను. సాధారణముగా 60 ముక్కలతో పేక కట్టుదురు.

ఇంతవఱకు దోషమేమియు లేదు. చిక్కంతయు ముక్కలమ్ము విధమున నున్నది. వానిని మూసిన పొట్లములలో నమ్ముదురు. లోపల నేమున్నదో కొనువాడెఱుగడు. ఈ పొట్లమున లేకున్న తరువాతిదానిలో మంచి ముక్క యుండునను నాశతో మఱల కొనును. మావాడు బడిపుస్తకములకై నేనిచ్చిన రెండువందల రూపాయలతో పొట్లములు కొని, బియ్యపుడబ్బా వెనుక దాచెను. బియ్యము కొలుచుటకు పోయిన మా యత్తగారి చేతికే యవి చిక్కినవి.

ఆమె కేకలు వేయలేదు. ముక్కలను పొయ్యియొద్ద పెట్టి, “అమ్మాయీ, పొట్లము విప్పకముందే డబ్బు పోయెను గదా! ఇది పందెము కాక మఱేమి?” అని యడిగిరి. నాకు బదులు దొరకలేదు. మ్యాజిక్ ఆట వెలువడిన తొలినాళ్ళలో ఆటకు ముందు చెఱియొక ముక్కను పందెముగా పెట్టి, గెలిచినవాడు రెంటిని తీసికొను నియమము కూడ నుండెను. పిమ్మట దానిని విడిచిరి. అనగా ఆమె భయము వట్టిది కాదు. అయినను పిల్లవానికి ఆటయం దున్న యిష్టమును పొయ్యిలో వేయుట నా కిష్టము కాలేదు. “అత్తా, నాకు మూడు దినములు గడువిండు. పైసాతో పని లేని పేక చేసి చూపెదను. అది నచ్చనియెడల రెంటిని కలిపి మీరే కాల్చుడు,” అంటిని. ఆమె యొప్పుకొనిరి.

ఆ రాత్రి ఆమెకు గంజీఫా కథ చెప్పితిని. పేకయు పందెమును ఒకటే యని మన మనుకొందుము గాని, మన దేశమున పేకకు వేఱొక చరిత్రయు గలదు. 1527లో బాబరు సింధుదేశపు షా హసనునకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన యాత్మకథలో వ్రాసికొనెను. అక్బరు కాలపు పేకనుగూర్చి అబుల్ ఫజలు విపులముగా వ్రాసెను. అందు పండ్రెండు వర్గములు, వర్గమునకు పండ్రెండు ముక్కలు, వెరసి 144. ఆ వర్గముల పేర్లలో అశ్వపతి, గజపతి, నరపతి అనునవి కలవు. ఈ బిరుదములు తెలుగు చరిత్ర చదివినవారికి క్రొత్తవి కావు. మన పెనుగొండ 1565 తరువాత విజయనగర రాజులకు రాజధాని యైనది గదా! నరపతి యన నెవరో మన పిల్లలకు చెప్పనక్కఱలేదు.

దశావతార గంజీఫా యింకను ముచ్చటైనది. మత్స్యకూర్మాదులు పది వర్గములు, ప్రతి వర్గమునను రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివఱకు అంకెముక్కలు, మొత్తము 120. ముక్కలు గుండ్రనివి. అవతారమునకు తగిన గుర్తును వేయుదురు: మత్స్యమునకు చేప, కూర్మమునకు తాబేలు, పరశురామునకు గండ్రగొడ్డలి. సగము వర్గములలో పది పెద్దది, మిగిలిన సగమున ఒకటి పెద్దది. పగలాడునప్పుడు రామునితోను, రాత్రి యాడునప్పుడు కృష్ణునితోను మొదలిడు నాచారము కలదు. రాయలసీమలో నొస్సమునను, తెలంగాణమున నిర్మలలోను గంజీఫా ముక్కలు వ్రాయు చిత్రకారులుండిరి. మైసూరు ప్రభువైన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు (1794–1868) క్రొత్త క్రొత్త పేకలను కల్పించెను. అం దొకదానిలో 360 ముక్కలు. నేడును మైసూరునను, మహారాష్ట్రమందలి సావంతవాడిలోను ఈ ముక్కలను చేతితో వ్రాయుచున్నారు.

మా యత్తగారు విని, “దేవుని బొమ్మలతో నాడిరా!” అని కొంతసే పూరకుండి, “సరే, చేయుడు. చాపమీద పైసా కనబడరాదు. ఓడినవాని ముక్క గెలిచినవానికి పోరాదు,” అనిరి. మా పేకకు అవియే మొదటి రెండు నియమములైనవి.

ఇక కూర్చు విధము.

మొదట వస్తువు నెంచుకొనవలెను. పేక యంతయు ఏ విషయమును గూర్చినదో ఒక్క వాక్యమున చెప్పగలుగవలెను. మా పిల్లలు రాక్షసులు, విమానములు, క్రికెట్టు అని పెక్కు చెప్పిరి. “మీరు కన్నులార చూచిన దేది?” అని నే నడుగగా, మా చిన్నది “ఎండ” అనెను. అందఱును నవ్వితిమి గాని వస్తువు దొరకినది: “కఱవుసీమలో ఒక సంసారము గాదె నింపుకొనుట.” ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మన యనంతపురమునకు ఇంతకంటె తగిన వస్తువేది?

వస్తువు కుదిరినపిమ్మట, ప్రతి ముక్కకును అది తగునా లేదా యని యడుగవలెను. మావాడు బలముకొఱకు సింహము నొకదానిని తెచ్చి పెట్టబోయెను. వేరుసెనగ చేనిలో సింహమున కేమి పని? వంటలో రుచిగలవి యన్నియు నొక్క కుండలో వేయము గదా! పులుసునకు పులుసు సరకు, పాయసమునకు పాయసపు సరకు. పేకయు నంతే. ఒంటిగా బలమైన ముక్కకంటె, ప్రక్కముక్కతో పొందిక గలది మేలు.

మా పేక ఒక్కొక్కరికి 40 ముక్కలు. ముక్క రెండున్నర యంగుళముల వెడల్పు, మూడున్నర యంగుళముల పొడవు. పాత శుభలేఖలైనను సరిపోవును. వెనుకవైపు అన్నిటికి నొకే కాగిత మంటింపవలెను. లేకున్న వెనుకనుండియే గుర్తుపట్టుదురు.

నీటిముక్కలు 16: వాన 6, చెఱువు 5, బావి 3, కాలువ 2. చెఱువులకు బుక్కరాయసముద్రము, అనంతసాగరము అనియు, కాలువలకు తుంగభద్ర యెగువ కాలువ, హంద్రీనీవా అనియు పేర్లు వ్రాసితిమి. ఒక్కొక్క ముక్క ఒక నీటి కొలత.

పంటముక్కలు 12: కొఱ్ఱ 5, జొన్న 4, వేరుసెనగ 2, వరి 1. కొఱ్ఱకు ఒక నీరు, పంట ఒక మానిక. జొన్నకు రెండు నీళ్ళు, మూడు మానికలు. వేరుసెనగకు మూడు నీళ్ళు, ఐదు మానికలు. వరికి ఐదు నీళ్ళు, తొమ్మిది మానికలు.

తోడుముక్కలు 8: మగ్గము 2, గొఱ్ఱెలమంద 2, కాడియెద్దులు 2, కూలిమనిషి 2. మగ్గమును గాని మందను గాని పెట్టుటకు రెండు నీళ్ళు. ఒకమారు పెట్టినచో ప్రతి వంతునను నీరు లేకయే ఒక మానిక వచ్చును. ధర్మవరపు నేత వానను నమ్ముకొని లేదు గదా! కాడియెద్దులను పెట్టినప్పుడు రెండు ముక్క లదనముగా తీయవచ్చును. కూలిమనిషి యున్నంతకాలము ప్రతి పంటకును ఒక మానిక యెక్కువ. ఈ రెంటికిని ఒక్కొక్క నీరు.

గండపుముక్కలు 4: కఱవు 2, ఎలుకలు 1, వలస 1. ఎలుకలు ఎదిరివాని గాదెలో రెండు మానికలు తినును. తక్కినవానిగూర్చి క్రింద చెప్పెదను.

ఆట ఇరువురిది. చెరి ఏడు ముక్కలు పంచుకొని, వంతు వంతునకు ఒక ముక్క తీయవలెను. వంతునకు ఒక్క నీటిముక్కను మాత్రమే క్రింద పెట్టవచ్చును. నీటిని వాడినప్పుడు ముక్కను అడ్డముగా త్రిప్పి, మరల తన వంతు వచ్చినప్పుడు నిలువుగా పెట్టుకొనవలెను. ముందుగా 30 మానికలు గాదెకు చేర్చినవారు గెలిచినట్లు.

మావాడు మొదట కూర్చుకొన్న పేకలో నీటిముక్క లెనిమిదియే. తక్కినవన్నియు వరి, వేరుసెనగ, ఎద్దులు. వరుసగా నాలుగాట లోడిపోయెను. చేతినిండ పంట లున్నవి, తడుపుటకు నీరు లేదు. వాడు ముక్కలను విసరివేసి లేవబోగా, లెక్కలు చెప్పు మా వారు పలక తీసి కూర్చుండిరి. 40లో 8 నీటిముక్క లున్నచో, చేతి కేడింటిలో సగటున 1.4 వచ్చును, నూటికి 18 మారులు ఒక్కటియు రాదు. 16 ఉన్నచో సగటున 2.8; ఒక్కటియు రాకుండుట నూటికి రెండుమారులే. ఐదిం టికి రెండు పాళ్ళు నీరుండవలె నన్నమాట. పెద్ద యాటలలోను ఇదియే సూత్రము: మ్యాజిక్ పేకలో 60 ముక్కలకు 24 వఱకు భూమిముక్కలు పెట్టుట వాడుక. మా వారి లెక్క విని అత్తగారు, “ఈ మాట చెప్పుటకు పలక యెందుకు? నీరు చూచి నాగలి కట్టవలెనని మా యూర చంటిబిడ్డ కూడ చెప్పును,” అనిరి.

రెండవ పాఠము ధరలనుగూర్చినది. తక్కువ నీటి పంటలు ఎక్కువగాను, ఎక్కువ నీటి పంటలు తక్కువగాను ఉండవలెను. వరిముక్క చూచుటకు గొప్పదే. కాని ఐదు నీళ్ళు చేరువఱకు అది చేతిలో నిరుపయోగముగా కూర్చుండును. ఆలోపల కొఱ్ఱలు నాలుగు గింజలు రాల్చును. ఒకే పెద్ద ముక్కమీద నాశ పెట్టుకొన్న పేక, అది రానినాడు పస్తుండును.

కఱవుముక్కనుగూర్చి మా యింట పెద్ద వాదము జరిగినది. మావాడు దానిని ఎదిరివాని మీద వేయు నాయుధముగా వ్రాసెను. అత్తగారు ఒప్పుకొనలేదు. 1876–78లో వచ్చిన ధాత కఱవునుగూర్చి ఆమె తన యవ్వనోట విన్నది చెప్పిరి. అప్పటికి అనంతపురము జిల్లా కాలేదు. మన సీమ బళ్ళారి జిల్లాలో నుండెను. 1882లో వేఱు జిల్లా యైనది. “కఱవు ఒక యింటికి వచ్చి ప్రక్కయింటిని విడుచునా? పొరుగువాని మీదికి కఱవును తోలుట ఆట యెట్లగును?” అనిరి. నియమము మార్చితిమి. కఱవుముక్క నెవరు తీసినను చేత దాచుకొనరాదు. వెంటనే చాపమీద పెట్టవలెను. ఒక చుట్టు ముగియువఱకు ఇరువురి వానలు, చెఱువులు, కాలువలు బోరగిల పడును. బావులు మాత్రము మిగులును. ఈ నియమముతో ఆట బాగుపడినది. అంతకుముందు కూరకుపయోగపడని కఱివేపాకువలె చూచిన బావిముక్కను ఇప్పు డందఱును కోరుకొనుచున్నారు.

వలసముక్క కథ వేఱు. మా ప్రక్కసందులో తొమ్మిదేండ్ల పిల్ల యొకతె యున్నది. తల్లిదండ్రులు ఇండ్లు కట్టు పనికై బెంగుళూరు పోయిరి. పిల్ల అవ్వయొద్ద నుండును. మూడవనాడు ఆమె వచ్చి చాప యంచున కూర్చుండి చూచుచుండెను. దుకాణపు ముక్కలాట యైనచో ఆమె చూచుటతోనే సరి. ఆమె కెవరు కొనియిత్తురు? ఇది యింటి పేక గనుక అట్టలు, రంగులు ఇచ్చితిమి. ఆమె వరి యొకటియు వేయలేదు. కొఱ్ఱలు, గొఱ్ఱెలు, మగ్గములతో పేక కట్టెను. మావాని కాలువలకు రెండుమారులు కఱవు తగిలి వాడు చేతులు ముడుచుకొని కూర్చుండగా, ఈమె మంద వంతునకొక మానికచొప్పున నింపుచు పోయెను.

అప్పుడు మావాడు వలసముక్క వేసెను. దానివలన ఎదిరివాని కూలిమనిషి ఆటనుండి పోవును. మావాడు ఆమె ముక్కను తీసి ప్రక్కకు పెట్టగా, ఆ పిల్ల దానిని మరల చేతిలోనికి తీసికొని, “అయివారమ్మా, వలసపోయినవాళ్ళు మళ్ళీ రారా?” అని న న్నడిగెను. “ఆటలో రారు,” అని మావాడు చెప్పెను. “మా యమ్మ ఉగాదికి వచ్చింది గదా,” అని ఆ పిల్ల యనెను. కొంతసేపు ఎవరమును మాటాడలేదు. తరువాత మావాడే పెన్సిలు తీసి ముక్కమీది వ్రాత చెఱిపి, “మూడు చుట్ల పిమ్మట మరలి వచ్చును, వచ్చునప్పుడు రెండు మానికలు తెచ్చును” అని వ్రాసెను. ఆ యాటలో ఆ పిల్లయే గెలిచినది.

సోదరీమణులారా, మీరు చేసికొను పేకకు నా యనుభవమునుండి మఱి కొన్ని మాటలు. మొదటనే రంగులు వేయకుడు. పెన్సిలుతో వ్రాసి పది యాట లాడి, పనికిరాని ముక్కను తీసి, ఉపయోగపడుదానిని పెంచి, పిమ్మట రంగు లద్దుడు. ఇది యింటి వేడుక, పోటీపరీక్ష కాదు. ఒకరి పేక ప్రతిసారియు గెలుచుచున్నచో అందు బలమైన ముక్కలు రెండు తగ్గించుటయో, పేకలు మార్చుకొని యాడుటయో మంచిది. ముక్కల మార్పిడిలో పెద్దపిల్లలు చిన్నవారిని మోసపుత్తురు. మా యింట ఆదివారమువఱకు మార్పిడిని రద్దు చేసికొను హక్కు ఇచ్చితిమి. మీ పిల్లలకు దుకాణపు ముక్కలమీద మోజున్నచో, మూసిన పొట్లములు కొనక, కావలసిన ముక్కను ధర యడిగి విడిగా కొనిపించుడు. ఇచ్చినదానికి వచ్చిన దేదో కంటికి కనబడును. మీది కోస్తాసీమ యైనచో కఱవునకు మాఱుగా తుపాను వ్రాసికొనుడు. బొమ్మలకు మా పిల్లలు నిమ్మలకుంట తోలుబొమ్మల యెఱుపు, నలుపు, పచ్చలను అనుసరించిరి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చిన సంగతి వారికి తెలియును.

మావాడు రెండువందల రూపాయలకు బదులుగా ఈ వేసవి యంతయు సంతనుండి కూరలసంచి మోయవలెనని తీర్పైనది. మోయుచున్నాడు. దుకాణపు ముక్కలు పొయ్యిలోనికి పోలేదు, పెట్టెలో నున్నవి.

మూడవనాటి రాత్రి మా యత్తగారు మనుమని పిలిచి, అట్ట యొకటి తెమ్మని, ప్రక్కన కూర్చుండి బొమ్మ చెప్పి వేయించిరి. మోటబావి, గట్టున నాలుగు చింతచెట్లు. “కొమ్మలు బావి మీదికి వంగవలెను రా, ఇంకను వంగవలెను,” అని రెండుమారులు దిద్దించిరి. వాడు “పేరేమి వ్రాయుదును, అవ్వా?” అని యడుగగా, “బావితోట” అనిరి. ప్రతి పేకలోను మూడు బావులలో నొకదానికి మాఱుగా అది యుండవలెనట. దానిని మార్పిడి చేయరాదు, ఏ గండమును దానిని తాకరాదు. మఱునాడు నాలుగు పేకలకును నాలుగు బావితోటలు వ్రాయించి, ప్రక్కసందు పిల్ల ముక్కను తామే పోయి యిచ్చి వచ్చిరి.

తాము మాత్రము ఇంకను ఆడలేదు. చాపప్రక్కన కూర్చుండి మానికలు లెక్కపెట్టుచున్నారు.

వచ్చేమాసమున ఎండలో మిగిలిన చింతచిగురును ఏడాది నిలువ చేయు విధమును వ్రాసెదను.